కాపర్లు, కాపరులు: ఒక పాటల పుస్తకం డైరీ

జనవరి 7, ఆదివారం

కాగితం వచ్చింది. ఏ4 సైజు, 120 జీఎస్ఎం, లేత మీగడ రంగు. 24 షీట్లు లెక్కపెట్టి పక్కన పెట్టాను. నాలుగేసి షీట్లు కలిపి మధ్యకు మడిస్తే ఒక ఫారం. ఫారానికి 16 పేజీలు, ఆరు ఫారాలకు 96 పేజీలు. నేను రాయబోయేది 12 పాటలే కాబట్టి సగానికి పైగా ఖాళీగా మిగులుతుంది. మిగలనీ.

పని ఏమిటో ముందే రాసిపెట్టుకుంటే దారి తప్పకుండా ఉంటుంది. మేముండే ఉడింగ్‌డీన్‌కు రెండు మైళ్ళ దూరంలో, సముద్రం ఒడ్డున, రాటింగ్‌డీన్ అనే ఊరుంది. ఇంగ్లండ్ దక్షిణ కొసన ససెక్స్‌లో, బ్రైటన్ పక్కన. ఆ ఊరి కాపర్ కుటుంబం తరతరాలుగా ఇంట్లో పాడుకుంటూ వచ్చిన పాటల్లో పన్నెండింటిని, రెండు గొంతులనూ విడివిడిగా మన సరిగమల్లో రాయాలి. ఆ కాగితాలను చేత్తో కుట్టి, అట్ట వేసి, పుస్తకం కట్టాలి. అందులో మూడు పాటలైనా మా అమ్మాయి అమ్ములూ నేనూ కలిసి పాడగలగాలి. గడువు ఈస్టర్ సెలవులు.

ఇది మొదలైంది పోయిన శీతాకాలంలో. పక్కింటి పెద్దాయన ఒక సీడీ ఇచ్చారు, "ఇవి మన కొండ అవతలి పాటలు, వినండి" అని. నైట్ డ్యూటీ దిగి వస్తూ కారులో పెట్టుకున్నాను. పాడుతున్నది బాబ్ కాపర్, రాన్ కాపర్, అన్నదమ్ముల బిడ్డలు. వాయిద్యం లేదు, శ్రుతిపెట్టె లేదు. ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నంత తేలిగ్గా, చెరొక దారిలో పాడుతున్నారు. చరణం చివరికొచ్చేసరికి రెండు దారులూ ఒకే స్వరం మీద కలిశాయి. ఇంటి ముందు కారు ఆపి ఇంజను కట్టేశాను గానీ, ఆ పాట అయ్యేదాకా దిగలేకపోయాను. కచేరీ గొంతులు కావవి. తండ్రుల దగ్గర, భోజనాల బల్ల చుట్టూ నేర్చుకున్న గొంతులు.

కాకినాడ ఫోన్ చేసి అమ్మకు చెబితే, "కాపర్లంటే గొర్రెల కాపర్లా నాన్నా?" అంది. "కాదమ్మా, ఇంటిపేరు" అన్నాను. తర్వాత చదివితే తెలిసింది, అమ్మ మాటా తప్పు కాదు. రాన్ తండ్రి జాన్ కాపర్ (1879–1952) ఆ కొండల మీద గొర్రెలు కాసినవారే.

జనవరి 14

మొదటి పాటకు "థౌజండ్స్ ఆర్ మోర్" పెట్టుకున్నాను. పై గొంతు గంటలో కాగితం మీదికి వచ్చేసింది. కింది గొంతుకు నాలుగు రాత్రులు పట్టింది.

ఎందుకంటే నా చెవికి ఆ అలవాటే లేదు. మన దగ్గర రెండో గొంతు అంటే వంత. బుర్రకథలో కథకుడు చెబుతుంటే పక్కన హాస్యం, రాజకీయం తందాన అందుకుంటారు. ముగ్గురిదీ ఒకే వరస. భజనలోనూ అంతే, ఒకరు అందించిన వరసనే పదిమందీ అందుకుంటారు. కాపర్ల కింది గొంతు వంత కాదు. దానికి సొంత వరస ఉంది, సొంత మలుపులున్నాయి. అయినా దాన్ని ఒక్కదాన్నే పాడితే పాటలా ఉండదు. గోడ లేకుండా తలుపు చెక్క ఒక్కటీ నిలబెట్టినట్టుంటుంది. పైది ఉంటేనే అది.

పాత రికార్డింగులు కాబట్టి రెండు గొంతులూ ఒకే ట్రాక్‌లో ఉన్నాయి, విడదీసే వీలు లేదు. ఫోన్‌లో వేగం తగ్గించి విన్నాను, మంద్ర శబ్దం పెంచి విన్నాను. చెవి మాటిమాటికీ పైదాని వెంటే పోతోంది. చివరికి గురువారం రాత్రి దారి దొరికింది. సీడీతో పాటు పై గొంతును నేనే బయటికి పాడటం మొదలుపెట్టాను. నా నోట్లో ఉన్నది చెవి ఇక వెతకదు. పాడనిది ఒక్కసారిగా వినపడింది, అప్పటిదాకా ఆ గదిలో లేని మనిషి వచ్చి కూర్చున్నట్టు. ఎవరైనా ఈ పని చేయాలనుకుంటే ముందు ఇదే చేయండి, నాలుగు రాత్రులు మిగులుతాయి.

రాసింది చూస్తే అన్నీ శంకరాభరణం స్వరాలే, గమకం లేకుండా. చిన్నప్పుడు అమ్మ నేర్పిన నొట్టుస్వరాలు గుర్తొచ్చాయి. ముత్తుస్వామి దీక్షితులు ఆ రోజుల్లో వినపడిన బ్రిటిష్ బ్యాండు వరసలకు సంస్కృత సాహిత్యం కట్టారు కదా, "సంతతం పాహిమాం" వాళ్ళ రాజగీతం వరసే. ఆయన అప్పుడు విన్నది ఒకే వరస, నాకిప్పుడు వినపడుతున్నవి రెండు. ఎక్కువ చోట్ల మధ్య దూరం మూడో స్వరం: పైన గాంధారం ఉంటే కింద షడ్జం, పైన మధ్యమం ఉంటే కింద రిషభం. అలాగే జంటగా నడుస్తాయనుకునేలోపు పైది ఎక్కుతుంటే కిందిది దిగిపోతుంది. పాదం చివర మళ్ళీ ఇద్దరూ ఒక్కటి. ఆ కలిసే చోట ఎర్ర సిరాతో చుక్క పెడుతున్నాను.

ఈ రెండు గొంతుల పద్ధతి వాళ్ళకు ఎక్కడిదన్న దానికి, పాత చర్చి గ్యాలరీల్లో ఊరివాళ్ళు పాడిన కీర్తనల నుంచి, సారాయి దుకాణాల్లో పాడే గ్లీ అనే బహు గొంతుల పాటల నుంచి వచ్చి ఉండొచ్చంటారు. ఇంగ్లండ్ పల్లెపాట మామూలుగా ఒంటి గొంతు పాట. ఒక ఇంట్లో రెండు గొంతులు ఇన్ని తరాలు నిలవడం అక్కడ కూడా అరుదే.

జనవరి 20

రాతపని ఆపి ఈ రోజు రాటింగ్‌డీన్ నడిచి వెళ్ళాం, నేనూ అమ్ములూ. కొండ మీద గాలి నిలబడనివ్వలేదు. 1802 నాటి నల్లటి గాలిమర ఇంకా అక్కడే ఉంది, ఊరికి గుర్తుగా. దాని కింద నిలబడితే ఒకవైపు సముద్రం, ఇంకోవైపు డౌన్స్ అనే ఆ గుండ్రటి సుద్దకొండలు. సుద్ద మీద పల్చటి మట్టి, గడ్డికి తగిన నేల. అందుకే ఇక్కడ గొర్రెలు. 1920ల దాకా ఈ కొండవాలుల్లో ఎద్దులతో దున్నేవారని చెబితే అమ్ములు నమ్మలేదు. "ఇంగ్లండ్‌లోనా నాన్నా?" అంది. ఇంగ్లండ్‌లోనే.

కిందికి దిగితే హై స్ట్రీట్‌లో బ్లాక్ హార్స్ పబ్బు. థామస్ కాపర్ నడిపిన చోటు అదే. ఆయన అన్నదమ్ముడు జేమ్స్ కాపర్ (1845–1924), ఊరంతా బ్రాసర్ అని పిలిచేవారు, పొలం బెయిలిఫ్. బెయిలిఫ్ అంటే భూస్వామి తరఫున పనివాళ్ళను, దుక్కినీ కోతనూ చూసుకునే పెద్ద. మన వైపు పెద్ద పాలేరుకు పైన, దివాన్‌కు కింద.

1898లో కేట్ లీ అనే గాయని ఈ ఊరికి అతిథిగా వచ్చింది. సర్ ఎడ్వర్డ్ కార్సన్ అనే లాయరు ఇంట్లో దిగింది. ఊళ్ళో పాడేవాళ్ళున్నారని తెలిసి అన్నదమ్ములిద్దరినీ ఆ ఇంటికి పిలిపించారు. బల్ల మీద ఒక విస్కీ సీసా పెట్టారు. బ్రాసర్, థామస్ పాడుతూ పోయారు, ఆమె రాసుకుంటూ పోయింది. అదే ఏడు లండన్‌లో ఫోక్ సాంగ్ సొసైటీ పుట్టింది. దాని కార్యదర్శి ఆమే. 1899లో వెలువడిన సొసైటీ మొదటి పత్రికలో కాపర్ల పాటలు అచ్చయ్యాయి. ఆ బెయిలిఫ్‌నూ పబ్బు యజమానినీ సొసైటీ గౌరవ సభ్యుల్ని చేసింది.

నాకు మనసులో నిలిచిపోయింది ఆ తర్వాతి సంగతి. అలా వచ్చి రాసుకుపోయాక, దాదాపు యాభై ఏళ్ళు బయటి నుంచి ఎవరూ ఆ ఇంటి తలుపు తట్టి పాట అడగలేదు. ఆ యాభై ఏళ్ళూ వాళ్ళు పాడుతూనే ఉన్నారు.

పబ్బు ముందు నిలబడి అమ్ములుకు బ్లాక్ రామ్ రాత్రి గురించి చెప్పాను. జూన్‌లో ఉన్ని కత్తిరించే ముఠాలు ఊరూరూ తిరిగేవి. ముఠాకో కెప్టెన్, అతని టోపీకి బంగారు పట్టీ. ఒక లెఫ్టినెంట్, అతనికి వెండి పట్టీ. సీజను అయిపోయాక అందరూ ఒకచోట చేరి కూలి పంచుకుని తాగి పాడే రాత్రి అది. ఈ కుటుంబం పాటల్లో ఉన్ని కత్తిరింపు పాటలు ఉన్నాయంటే ఆ రాత్రుల వల్లే. తిరుగుదారిలో గొర్రెల లెక్క కూడా చెప్పాను. ససెక్స్ కాపరులు గొర్రెల్ని జతలు జతలుగా వదులుతూ "వన్-ఎరమ్, టూ-ఎరమ్, కాకరమ్, షూ-ఎరమ్" అని పది దాకా వేరే మాటలతో లెక్కపెట్టేవారు, పది అంటే ఇరవై గొర్రెలు. "తాతయ్య వడ్లు కొలుస్తూ ఒకటి అనకుండా లాభం అనేవారు, అలాగా?" అంది. తను ఆ మాట ఎప్పుడు విన్నదో నాకు గుర్తు లేదు.

ఫిబ్రవరి 3

ఎనిమిది పాటల స్వరాలు చిత్తులో అయ్యాయి. ఈ రోజు సాపు రాయడం మొదలు.

పేజీ ఎలా వేయాలన్నది వారం రోజులు తేలలేదు. ముందు తెలుగులో పాట, కింద స్వరం అనుకున్నాను. ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో అమ్ములు చదవలేకపోయింది. చివరికి ఎడమ పేజీలో ఇంగ్లీషు సాహిత్యం, కుడి పేజీలో రెండు వరసల స్వరం. పై గొంతు నీలం, కింది గొంతు నలుపు. మంద్ర స్థాయికి అక్షరం కింద చుక్క, తార స్థాయికి పైన చుక్క, మనం రాసుకునే పద్ధతే. తెలుగు చదవడం నేర్చుకోమని మూడేళ్ళుగా అడుగుతున్నాను. స రి గ మ ప ద ని, ఈ ఏడక్షరాలూ అమ్ములు ఆదివారం మధ్యాహ్నానికి గుర్తుపట్టేసింది, పాట పాడాలి కాబట్టి.

మొదటి ఫారంలో రెండు పేజీల సిరా అవతలికి దిగింది. పెన్ను సిరా పల్చన, కాగితానిది తప్పు కాదు. పిగ్మెంట్ సిరాకు మారాను. ఆ షీటు తీసేసి కొత్తది పెట్టాను.

రాస్తున్నంతసేపూ జిమ్ కాపర్ (1882–1954) గురించే ఆలోచన. బ్రాసర్ కొడుకు, బాబ్ తండ్రి. ఆయనా పొలం బెయిలిఫే. 1936లో, తన ఇంటి పాటలన్నిటినీ చేత్తో ఒక పుస్తకంలో రాశారు, పిల్లల కోసం. ఆ కాలం తలుచుకోండి. ఆ కుటుంబం పనిచేసిన మూడువేల ఎకరాల పొలం రెండు యుద్ధాల మధ్య అమ్ముడుపోయింది. కొండల మీద బంగళాలు లేచాయి. గుర్రాల చోట ట్రాక్టర్లు. పబ్బులో కుర్రాళ్ళకు రేడియో పాటలు కావాలి, దుక్కి పాటలు వినేవాడు లేడు. అచ్చువేస్తామన్నవారు లేరు, పరిశోధిస్తామన్నవారు లేరు. పాటలు పుట్టిన పనే పోయాక, పని నుంచి ఇంటికొచ్చి కూర్చుని ఆయన ఒక్కొక్కటీ రాశారు. అడిగినవారు లేకుండా రాశారు. నాకు ఈ కుటుంబం మీద ఉన్న గౌరవమంతా ఆ ఒక్క పనిలో ఉంది.

ఆయన మాటలు మాత్రమే రాశారు. వరస రాయలేదు, రాయాల్సిన అవసరం లేదు; ఇంట్లో అందరికీ వచ్చు. మా ఇంట్లో ఎవరికీ రాదు కాబట్టి స్వరం రాస్తున్నాను.

ఫిబ్రవరి 11

తాళం కుదరలేదు. మూడు వారాలు చేసిన పనిలో సగం కొట్టేశాను.

అలవాటు కొద్దీ అన్నిటికీ తాళం గీతలు వేశాను, కొన్ని చతురశ్రంలో (నాలుగు లెక్క), కొన్ని తిశ్రంలో (మూడు లెక్క). అమ్ములు ఆ గీతల ప్రకారం పాడితే బడిలో పద్యం అప్పజెప్పినట్టు వచ్చింది. మళ్ళీ సీడీ పెట్టి, తొడ మీద తాళం వేస్తూ విన్నాను. రెండో పాదానికే నా చెయ్యి వెనకబడింది. వాళ్ళు లెక్క ప్రకారం పాడటం లేదు. ముఖ్యమైన మాట దగ్గర ఆగుతారు, అది ఎంతసేపన్నది ఆ చరణాన్ని బట్టి. తర్వాత ఇద్దరూ ఒక్కసారే ఊపిరి తీసుకుని ఒక్కసారే ఎత్తుకుంటారు. ముప్పై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని పాడితే వచ్చే ఒద్దిక అది. అక్కడ తాళం వేసేది ఊపిరి.

కాబట్టి తాళం గీతలు, స్వరం నిడివి చూపే కామాలు, సెమీకోలన్లు అన్నీ తీసేశాను. స్వరం నిలిచే చోట దాని పక్కన అడ్డగీత, పొడవును బట్టి. ఊపిరి తీసుకునే చోట పెన్సిల్‌తో చిన్న పక్షిరెక్క గుర్తు. దాన్ని సిరాతో వేయలేదు, పాడేవాళ్ళ ఊపిరితిత్తుల్ని బట్టి మారుతుంది కదా.

ఫిబ్రవరి 24

శ్రుతి దగ్గర తంటా.

నేను కింది గొంతు, అమ్ములు పై గొంతు. బాబ్ పై గొంతు మగ గొంతే. అదే వరసను 13 ఏళ్ళ పిల్ల ఒక స్థాయి పైన పాడితే, మా ఇద్దరి మధ్య మూడో స్వరం దూరం కాస్తా పదో స్వరం దూరమైంది. స్వరాలు సరిగ్గానే ఉన్నాయి, శబ్దం పల్చగా ఉంది. రెండు దారుల మధ్య పొలమంత ఖాళీ. సీడీలో వాళ్ళ గొంతులు భుజం భుజం రాసుకుంటూ నడుస్తాయి.

నా శ్రుతి ఒకటిన్నర, తనకు ఐదు తేలిక; అంకె పెరిగినకొద్దీ శ్రుతి ఎక్కుతుంది. ఇద్దరికీ తేలికైన చోట పాడితే కలవం. శనివారమంతా ప్రయత్నించి నాలుగో శ్రుతి దగ్గర స్థిరపడ్డాం. తను గొంతు కిందిభాగంలో, గట్టిగా కాకుండా మాట్లాడే గొంతుతో పాడాలి. నేను మామూలుకన్నా పైకి లేచి పాడాలి. ఇద్దరికీ కాస్త ఇబ్బందే, కానీ గొంతులు దగ్గరికొచ్చాయి. మొదటిసారి చరణం చివర ఎర్రచుక్క దగ్గర ఇద్దరం ఒకే షడ్జం మీద దిగాం. వంటింట్లో స్టీలు గ్లాసు చిన్నగా మోగింది. అమ్ములు నా వైపు చూసి, "నాన్నా, అది మనమేనా?" అంది.

రాన్ చనిపోయాక ఈ కుటుంబం ఇదే లెక్క కొత్తగా చేసుకోవాల్సి వచ్చింది. అప్పటికి బాబ్ పిల్లలు జాన్, జిల్ పాడుతున్నారు, జిల్ భర్త జాన్ డడ్లీ చేరారు. అంతకుముందు తరాల్లో రికార్డుల్లో మనకు వినపడేది మగ గొంతులే. ఇప్పుడు ఆడ గొంతూ అదే పాటల్లో ఇమిడింది. ఆ తర్వాతి తరం, బాబ్ మనవలు ఆరుగురు, కలిసి పాడుతున్నారు. బ్రాసర్ నుంచి లెక్కేస్తే ఐదో తరం. ఎవరి గొంతుకు తగ్గట్టు వాళ్ళు సర్దుకున్నారు, రెండు దారుల పద్ధతి మాత్రం వదల్లేదు.

మార్చి 3

రాత పూర్తి. 12 పాటలు, 44 పేజీలు. ఈ రోజు కుట్టు.

కాకినాడలో మా పెదనాన్నగారిది బైండింగ్ షాపు. జూన్ నెలలో బడి పుస్తకాల గుట్టల మధ్యే నా వేసవి సెలవులు ముగిసేవి. వీడియో కాల్ పెట్టి ఫోన్ బల్ల మీద నిలబెట్టాను.

"పెదనాన్నగారూ, దారానికి మైనం రాయాలా?"

"రాయకపోతే కాగితం కోసుకుపోద్దిరా. కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగు, చాలు. ముందు మడతకు బొక్కలు పెట్టుకున్నావా?"

పెట్టుకోలేదు. ఆరు ఫారాలనూ కలిపి పట్టుకుని వీపు మీద ఐదు గీతలు గీసి, ఒక్కో ఫారం మధ్య మడతలో సూదితో బొక్కలు చేశాను. లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి, ఫారం చివర కింది ఫారంతో ముడి. మూడో ఫారం దగ్గర దారం వదులైంది. "అదిగో, బిగువు పోయింది, విప్పు" అన్నారు ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల నుంచి. విప్పి మళ్ళీ కుట్టాను. వీపుకు మైదా ఉడికించిన జిగురు పూసి, పల్చటి బట్ట అంటించి, రెండు కటింగ్ చెక్కల మధ్య పెట్టి, పైన బియ్యం బస్తా.

"ఎవరి పాటలురా ఇవి?" అన్నారు చివర్లో. చెప్పాను. "పొలం పని చేసినోళ్ళు రాసుకున్నారా?" అని కాసేపు ఆగి, "అయితే అట్ట గట్టిది వెయ్యి. చేతులు మారద్ది" అన్నారు.

మార్చి 12

సెలవు పెట్టి లండన్ వెళ్ళాను. క్యామ్‌డెన్‌లో సెసిల్ షార్ప్ హౌస్, అందులో వాన్ విలియమ్స్ స్మారక గ్రంథాలయం. ఇంగ్లీషు జానపదానికి అదే పెద్ద దిక్కు. 1899 నాటి పత్రిక చేతిలోకి తీసుకున్నాను. మొదటి పాటగా "క్లాడీ బ్యాంక్స్" ఉంది, నా పుస్తకంలో నాలుగోది. నేను రాసుకున్న పై గొంతును అచ్చులో ఉన్న దానితో పోల్చి చూశాను. 1898లో బ్రాసర్, థామస్ పాడింది, అర్ధశతాబ్దం తర్వాత బాబ్, రాన్ పాడింది, నా చెవికి అదే మనిషి నడక. చిన్న చిన్న తేడాలున్నాయి. వాటిని సరిదిద్దలేదు. నేను విన్నది బాబ్, రాన్‌ల నోట, నా పుస్తకంలో అదే ఉంటుంది.

రైల్లో వస్తూ 1950 కథ మళ్ళీ చదివాను. బీబీసీలో "కంట్రీ మ్యాగజైన్" అనే కార్యక్రమం వచ్చేది, పల్లె సంగతులు, మధ్యలో ఒక పల్లెపాట. జిమ్ ఇంట్లో కూర్చుని వింటుంటే తమ ఇంటి పాటల్లో ఒకటి రేడియోలో వచ్చింది, తర్ఫీదైన గొంతులో. ఆయన బీబీసీకి ఉత్తరం రాశారు, ఆ పాట మాకు తెలుసు, ఇంకా చాలా ఉన్నాయి అని. ఫ్రాన్సిస్ కాలిన్సన్ అనే సంగీతజ్ఞుడు వచ్చి విన్నారు. ఆ రోజుల్లోనే జిమ్, ఆయన అన్న జాన్, కొడుకులు బాబ్, రాన్ నలుగురూ రేడియోలో పాడారు. తర్వాత పీటర్ కెనెడీ లాంటి జానపద సేకర్తలు టేప్ రికార్డర్లతో వచ్చారు. జాన్ 1952లో, జిమ్ 1954లో పోయారు. ఆ నాలుగేళ్ళ సందు లేకపోతే వాళ్ళ గొంతు మనకు దొరికేది కాదు. ఆ తర్వాత బాబ్ తానే బీబీసీ తరఫున హాంప్‌షైర్, ససెక్స్ పల్లెలు తిరిగి ముసలివాళ్ళ పాటలు రికార్డు చేశారు. తమ ఇంటికి ఎవరైనా రావాలని తండ్రి ఎంత ఎదురుచూశారో చూసినవాడు కదా. 1971లో ఆయన తమ కుటుంబం, ఆ పొలం, నెలనెలా ఆ పొలం పనులు, పాటలు అన్నీ కలిపి పుస్తకం రాశారు. నేను చదివిన ఇంగ్లీషు వచనంలో అంత తడి ఉన్నది తక్కువ.

మార్చి 24

అట్ట వంగింది. బియ్యం బస్తా కింద నుంచి తీసి రెండు రోజులు రేడియేటర్ దగ్గర పెట్టడం నా తొందర. బయట అంటించిన కాలికో బట్ట ఎండుతూ అట్టను తన వైపు లాగేసింది. పెదనాన్నగారు చెప్పినట్టు లోపలివైపు కూడా కాగితం జిగురుతో అంటించి, అది ఎండేటప్పుడు ఎదురు లాగేలా చేసి, నాలుగు రోజులు బరువు కింద చల్లటి గదిలో ఉంచాను. ఇప్పుడు బల్ల మీద చదునుగా కూర్చుంటోంది. ఏ పేజీ దగ్గర తెరిచినా దానంతట అది మూసుకోదు. ఇద్దరం చేతులు వదిలేసి దాన్ని చూస్తూ పాడొచ్చు. చేత్తో కుట్టడానికి కారణం అదే.

అట్ట మీద పేరు రాయలేదు.

మార్చి 29, శుక్రవారం

బాబ్ కాపర్ (1915–2004) పోయి ఈ రోజుకు ఇరవై ఏళ్ళు. ఎంబీఈ అనే బ్రిటిష్ బిరుదు అందుకున్న కొద్ది రోజులకే, 89వ ఏట కన్నుమూశారు.

సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. ముందు "స్పెన్సర్ ద రోవర్". ఇల్లూ పిల్లలూ వదిలి దేశాలు పట్టిన మనిషి, ఒక చెట్టు కింద నిద్రపోయి లేచి, పిల్లలు గుర్తొచ్చి ఇంటికి తిరిగొచ్చే పాట. ఇల్లు చేరే చరణం దగ్గర నాకు గొంతు పట్టుకుంది. అమ్ములు ఆగలేదు, తన దారిన తను పాడుతూ పోయింది, పాదం చివర నేను కలిశాను. తర్వాత "క్లాడీ బ్యాంక్స్". అందులో మూడో చరణంలో నేను తెలియకుండానే పై గొంతులోకి ఎక్కేశాను. "నాన్నా, నువ్వు నా దాంట్లోకి వచ్చేశావు" అని బల్ల మీద కొట్టింది. మళ్ళీ మొదటి నుంచి. చివర "థౌజండ్స్ ఆర్ మోర్", ఒక్కసారి కూడా ఆగకుండా.

మూడు పాటలు. అనుకున్నది అయింది.

రాత్రి పుస్తకం తన గదిలోకి తీసుకెళ్ళింది. ఇప్పుడే తెరిచి చూశాను. నేను పెన్సిల్‌తో పెట్టిన ఊపిరి గుర్తులు చాలాచోట్ల చెరిపేసి, తనకు అందేంత దూరంలో కొత్తవి పెట్టుకుంది. నల్ల సిరా వరసలో, అంటే నా దాంట్లో కూడా, సరిగ్గా వాటి కిందే. రేపటి నుంచి నేను ఆ గుర్తుల ప్రకారం ఊపిరి తీసుకోవడం నేర్చుకోవాలి.